నిన్న 16, నేడు 9, మళ్ళీ 13: ఫోనులో చూసుకునే మనసు పరీక్షను ఎలా చదవాలి?



చోడవరం చుట్టుపక్కల ఏ సంఘంలోనైనా ఉండగలిగిన ఒక చెల్లిని ఊహించుకుని ఈ మాటలు చదవండి. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆదివారం పాటల బృందంలో పాడుతుంది, సండేస్కూలు పిల్లలకు వాక్యం చెబుతుంది. ఒక సబ్జెక్టు తప్పిన రాత్రి నిద్రపట్టక ఫోను తిప్పుతుంటే "మీకు డిప్రెషన్ ఉందా?" అనే పరీక్ష కనబడింది. తొమ్మిది ప్రశ్నలకు జవాబులు నొక్కింది. 16 వచ్చింది. తెల్లవార్లూ భయమే.

మూడు వారాల తర్వాత మళ్ళీ చేసింది. 9 వచ్చింది. సంతోషం పట్టలేక ఆ ఆదివారం లేచి, ప్రభువు నన్ను డిప్రెషన్ నుండి విడిపించాడని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా స్తోత్రం అంది. అయ్యగారు ప్రార్థన చేశారు. ఇంకో నెల గడిచాక, ఊరికే చూద్దామని మళ్ళీ చేసింది. 13 వచ్చింది.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. నా సాక్ష్యం అబద్ధమైందా? విశ్వాసం తగ్గిందా? దేవుడు ఇచ్చింది తిరిగి తీసుకున్నాడా? ఈ మూడు ప్రశ్నలూ ఆమెను లోపల తొలుస్తున్నాయి. అసలు ముందు అడగవలసిన నాలుగో ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ అంకెలు దేనిని కొలిచాయి? దానికి జవాబు తెలిస్తే మొదటి మూడింటి బరువు చాలావరకు దిగిపోతుంది. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

ఈ పరీక్ష ఎక్కడిది?

ఫోనులో కనబడే డిప్రెషన్ పరీక్షల్లో ఎక్కువ వాటికి మూలం పి.హెచ్.క్యూ-9 అనే ప్రశ్నపత్రం. అమెరికాలో రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్, కర్ట్ క్రోంకీ అనే నిపుణులు దీన్ని తయారుచేశారు. 6,000 మంది రోగులపై వాడి చూసిన వివరాలు 2001లో ప్రచురించారు. మామూలు డాక్టరు దగ్గరకు జ్వరానికో కడుపునొప్పికో వచ్చినవారిలో మనసు కుంగినవారిని గుర్తుపట్టడానికి ఇది పుట్టింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కాబట్టి ఫలితం చూపించడానికి డబ్బు కట్టమని అడిగే సైటు మీకు ఉచితంగా దొరికేదాన్నే అమ్ముతున్నదని గ్రహించండి.

ప్రశ్నలు తొమ్మిది. పనుల మీద ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, నేను దేనికీ పనికిరాననే భావం, ఏకాగ్రత, కదలికలు మందగించడం లేదా నిలకడ లేకపోవడం, చావు గురించిన లేక తనకు తాను హాని చేసుకునే ఆలోచనలు. గత రెండు వారాల్లో ఇవి ఎంత తరచుగా బాధపెట్టాయని అడుగుతుంది. అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం రోజులకు మించితే 2, దాదాపు ప్రతిరోజూ అయితే 3. మొత్తం 0 నుండి 27 వరకు వస్తుంది. 5 నుండి 9 వరకు స్వల్పం, 10 నుండి 14 వరకు మధ్యస్థం, 15 నుండి 19 వరకు కొంత తీవ్రం, 20 లేదా అంతకు మించితే తీవ్రం అని లెక్క. ఆందోళనకు ఇలాంటిదే జి.ఎ.డి-7 అని 2006లో వచ్చింది. అందులో ఏడు ప్రశ్నలు, 21 మార్కులు.

ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. ఇది జల్లెడ. రోగ నిర్ధారణ కాదు. సంఘంలో వైద్య శిబిరం పెట్టినప్పుడు బి.పి. చూస్తారు. ఎక్కువ వచ్చినవారిని "మళ్ళీ ఒకసారి డాక్టరుకు చూపించుకోండి" అంటారు కానీ, అక్కడికక్కడే గుండెజబ్బు అని చీటీ రాసివ్వరు కదా!

ఆ మొదటి పరిశోధనలో 10ని గీతగా పెట్టుకున్నప్పుడు, నిజంగా జబ్బు ఉన్న 100 మందిలో 88 మందిని పరీక్ష పట్టుకుంది. జబ్బు లేని 100 మందిలో 88 మందిని లేదని సరిగానే చెప్పింది. వినడానికి గొప్పగా ఉంది. ఇప్పుడు లెక్క వేద్దాం. వెయ్యిమంది ఉన్నారు, వారిలో 50 మందికి డిప్రెషన్ జబ్బు ఉంది అనుకుందాం. పరీక్ష ఆ 50 మందిలో 44 మందిని పట్టుకుంటుంది, ఆరుగురిని వదిలేస్తుంది. జబ్బు లేని 950 మందిలో 12 శాతం, అంటే 114 మందికి కూడా గీత దాటిన అంకె చూపిస్తుంది. మొత్తం గీత దాటినవారు 158 మంది. వారిలో జబ్బు ఉన్నవారు 44 మందే. మిగిలినవారికి బాధ లేదని కాదు. ఆ బాధ దుఃఖం కావచ్చు, అప్పు కావచ్చు, నిద్రలేమి కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. అది ఏమిటో తేల్చేది ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషే.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. పరీక్ష వదిలేసిన ఆ ఆరుగురి ఫోనుల్లో "ఏమీ లేదు" అని వచ్చింది. కాబట్టి తక్కువ అంకె వచ్చిందని, కళ్ళెదుట కుమిలిపోతున్న మనిషిని పట్టించుకోకుండా ఉండకూడదు.

అంకె ఎందుకు మారుతుంది?

మొదటి కారణం, కొలిచే కాలం మారడం. పరీక్ష అడిగేది గత రెండు వారాల గురించి. కానీ రాత్రి రెండు గంటలకు ఏడుస్తూ జవాబు నొక్కే మనిషికి రెండు వారాలూ ఆ రాత్రిలాగే కనబడతాయి. ఆదివారం మధ్యాహ్నం ఆరాధన ముగించుకుని అందరితో కలిసి భోంచేశాక నొక్కితే అదే రెండు వారాలు వెలుగుగా కనబడతాయి.

రెండవది, మనం పరీక్షకు వెళ్ళే వేళ. ఎవరూ బాగున్నరోజు డిప్రెషన్ పరీక్ష వెతుక్కోరు. అతి చెడ్డ రోజునే వెతుకుతారు. చెడ్డరోజు తర్వాత వచ్చే రోజు, మనం ఏమీ చేయకపోయినా, చాలాసార్లు కాస్త మెరుగ్గానే ఉంటుంది. అందువల్ల రెండోసారి తక్కువ రావడంలో కొంతభాగం మామూలుగా జరిగేదే. దాన్ని పూర్తి స్వస్థత అనుకోవడం తొందరపాటు. మూడోసారి కొంచెం పెరిగితే పతనం అనుకోవడమూ తొందరపాటే.

మూడవది, పరీక్షే మారిపోవడం. పిల్లలు ఒక రోజు ఒక సైటులో, మరొక రోజు వేరే సైటులో చేస్తారు. రెండూ "డిప్రెషన్ టెస్ట్" అనే అంటాయి. పి.హెచ్.క్యూ-9 రెండు వారాలను అడిగితే, డాస్-21 అనేది గత వారాన్ని మాత్రమే అడుగుతుంది, పైగా వచ్చిన మార్కులను రెట్టింపు చేస్తుంది. కె-10 అనేది గత నాలుగు వారాలను అడుగుతుంది. దాంట్లో అతి తక్కువ మార్కే 10. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో ఉన్న డబ్ల్యూ.హెచ్.ఓ-5 అయితే పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ ఎక్కువ మార్కులు వస్తే మనసు బాగున్నట్టు, తక్కువ వస్తే కుంగినట్టు. ఒకచోట 12 మరొకచోట 20 వస్తే పెరిగిందని ఏడవడం, శేరుతో కొలిచినదాన్నీ కిలోతో తూచినదాన్నీ పక్కపక్కన పెట్టి లెక్క తప్పిందని గొడవపడడం లాంటిది.

నాలుగవది, భాష. ఇంగ్లీషులో చేసినప్పుడు ఒక జవాబు, తెలుగులో చేసినప్పుడు మరో జవాబు వస్తుంది. మన అమ్మలు "నాకు నిస్పృహగా ఉంది" అనరు. "గుండె దడగా ఉందమ్మా", "తల బరువు", "ఒళ్ళంతా లాగేస్తోంది", "ఏదో గుబులుగా ఉంది" అంటారు. ప్రశ్నలో ఆ మాట లేకపోతే 0 నొక్కేస్తారు. బాధ అంకెలోకి రాదు.

ఐదవది, మన సంఘాలకు ప్రత్యేకంగా తెలియవలసినది. తొమ్మిది ప్రశ్నల్లో నిద్ర, నీరసం, ఆకలి అనే మూడు శరీరం గురించినవి. శ్రమల కాలంలో నలభై రోజులు ఉపవాసాలు ఉన్నవారికీ, రాత్రంతా ప్రార్థనలో గడిపినవారికీ, గానుగ రోజుల్లో చెరకు నరికి బండికెత్తి అర్ధరాత్రి ఇల్లు చేరినవారికీ ఈ మూడింటిలో మార్కులు పెరుగుతాయి. గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు కూడా అంతే. అందుకే బాలింతల కోసం 1987లో ఎడిన్‌బరో ప్రశ్నపత్రం అని వేరే తయారుచేశారు. అందులో శరీరపు అలసట కంటే మనసు మీదే ఎక్కువ ప్రశ్నలుంటాయి. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నవారిలోనూ ఇదే తికమక వస్తుంది. రక్తపరీక్ష చేస్తే తేలుతుంది.

ఆరవది, నిజాయితీ. మొదటిసారి ఎవరైనా చూస్తారేమోనని చాలామంది తగ్గించి నొక్కుతారు. కొన్నాళ్ళు నమ్మకమైన మనిషితో మాట్లాడి మనసు విప్పాక, ఉన్నది ఉన్నట్టు నొక్కుతారు. అప్పుడు అంకె పెరుగుతుంది. బాధ పెరగలేదు, దాపరికం తగ్గింది. ఆ పెరుగుదల మేలుకే.

చివరిది, నిజమైన మార్పు. మనిషి నిజంగానే కోలుకుంటూ ఉండవచ్చు, లేదా నిజంగానే జారిపోతూ ఉండవచ్చు. మిగతా ఆరింటినీ పక్కకు తీసి చూసినప్పుడే ఈ ఏడవది కనబడుతుంది.

మన చెల్లి అంకెలు విప్పి చూద్దాం

మొత్తం అంకె ఒక మూట. మూట బరువు చూసి లోపల ఏముందో చెప్పలేం. విప్పాలి.

16 వచ్చిన రాత్రి ఆమె జవాబులు ఇవి అనుకుందాం: ఆసక్తి 2, దిగులు 3, నిద్ర 2, నీరసం 2, ఆకలి 1, పనికిరాననే భావం 3, ఏకాగ్రత 2, కదలికలు 0, చావు ఆలోచనలు 1.

9 వచ్చినప్పుడు: ఆసక్తి 1, దిగులు 1, నిద్ర 1, నీరసం 1, ఆకలి 1, పనికిరాననే భావం 2, ఏకాగ్రత 1, కదలికలు 0, చావు ఆలోచనలు 1.

13 వచ్చినప్పుడు: ఆసక్తి 1, దిగులు 1, నిద్ర 3, నీరసం 3, ఆకలి 2, పనికిరాననే భావం 1, ఏకాగ్రత 1, కదలికలు 0, చావు ఆలోచనలు 1.

ఇప్పుడు చూడండి. 16 నుండి 9కి తగ్గడం ఏడు మార్కుల తేడా. ఈ పరీక్షలో 5 మార్కులు లేదా అంతకు మించిన తేడాను డాక్టర్లు లెక్కలోకి తీసుకోదగ్గ మార్పుగా చూస్తారు. కాబట్టి ఆమెకు కలిగిన ఉపశమనం ఉత్తిది కాదు, దేవునికి కృతజ్ఞత చెప్పడం తప్పు కాదు. 9 నుండి 13కి పెరగడం నాలుగు మార్కులు. ఆ గీతకు లోపలే ఉంది. పైగా పెరిగినవేమిటి? నిద్ర, నీరసం, ఆకలి. ఆ రెండు వారాలూ సంఘంలో ఉపవాస కూడికలు, రాత్రి ప్రార్థనలు జరిగాయి. దిగులు పెరగలేదు. పనికిరాననే భావం మూడు నుండి రెండుకు, రెండు నుండి ఒకటికి దిగుతూనే ఉంది. 13 అనే అంకె చూసి ఆమె కుప్పకూలింది గానీ, విప్పి చూస్తే మనసు కోలుకుంటున్న గుర్తు అందులోనే ఉంది.

కానీ ఇంకొకటి కూడా ఉంది. చివరి జవాబు చూడండి. మూడుసార్లూ 1. సంఘమంతా స్తోత్రం చెప్పిన ఆ ఆదివారం కూడా ఆమెకు కొన్ని రోజులు చావు ఆలోచనలు వచ్చాయి. 9 అనే మంచి అంకె వెనుక అది దాక్కుంది. ఆమె చూసుకోలేదు, ఎవరూ అడగలేదు.

తొమ్మిదో ప్రశ్నకు మార్కుల లెక్క లేదు

అందుకే ఈ నియమం ప్రతి ఇంట్లో తెలియాలి. మొత్తం ఎంత వచ్చినా సరే, తొమ్మిదో ప్రశ్నకు 0 కాక మరే జవాబు వచ్చినా, ఆ రోజే ఒక మనిషితో మాట్లాడాలి. మొత్తం 4 వచ్చినా, ఆ నాలుగులో ఒకటి తొమ్మిదో ప్రశ్నదైతే, ఇదే వర్తిస్తుంది. మళ్ళీ పరీక్ష చేసి చూద్దామని ఆగకూడదు.

మీ బిడ్డ, మీ చెల్లి, మీ సంఘ యౌవనస్థుడు అలాంటి జవాబు చూపిస్తే తిట్టకండి, బైబిలు తెరిచి అది పాపమని మొదలుపెట్టకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని నెమ్మదిగా సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం వద్దు. అడిగితే దాచుకున్న భారం దిగుతుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. పొలం మందులు, మాత్రలు చేతికి అందకుండా వేరే చోట పెట్టించండి. 14416కి ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం కనబడితే 108కి చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పోలీసు కేసవుతుందనే భయంతో దాచే కుటుంబాలున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించి, శిక్షకు బదులు ప్రభుత్వం సంరక్షణ, చికిత్స అందించాలి. కాబట్టి ఆసుపత్రికి వెళ్ళడానికి జంకవద్దు.

చేసుకోవాలంటే ఇలా చేసుకోండి

ఒకే పరీక్ష, ఒకే భాష, వీలైతే ఒకే వేళ. రెండు వారాల లోపల మళ్ళీ చేయకండి. రెండు పరీక్షలూ అడిగేది అవే రోజుల గురించి కాబట్టి కొత్త సంగతేమీ తెలియదు. నెలకొకసారి చాలు.

మొత్తం ఒక్కటే కాదు, తొమ్మిది జవాబులూ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పక్కన తేదీ, ఆ రెండు వారాల్లో ఏం జరిగిందో ఒక వాక్యం రాయండి. పరీక్షలు, జ్వరం, ఉపవాసం, ఇంట్లో చావు, ఉద్యోగం పోవడం, మందు మొదలుపెట్టడం. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ కాగితం మీ పది నిమిషాలను అరగంటతో సమానం చేస్తుంది.

ప్రశ్నల చివర మార్కులు లేని ప్రశ్న ఒకటి ఉంటుంది. ఈ బాధల వల్ల మీ పని, ఇంటి వ్యవహారం, మనుషులతో మసలడం ఎంత కష్టమైంది అని. చాలామంది దాన్ని దాటేస్తారు. అంకె 8 వచ్చినా మంచం దిగలేకపోతుంటే సహాయం కావాలి. అంకె 12 వచ్చినా వంట, చదువు, మాట, నవ్వు సాగుతుంటే ఊపిరి తీసుకుని నెమ్మదిగా చూడవచ్చు. 10 లేదా అంతకు మించి రెండుసార్లు వస్తే మాత్రం డాక్టరును కలవండి.

రోజుకు రెండుసార్లు పరీక్ష చేసుకుంటున్నారా? ఇక ఆపేయండి. మన ప్రాంతంలో బెల్లం వండేవారిని చూడండి. పాకం వచ్చిందో లేదో కొంచెం తీసి నీళ్ళలో వేసి చూస్తారు. రాకపోతే మంట మీదే ఉంచి మళ్ళీ కాసేపటికి చూస్తారు. క్షణక్షణం తీసి చూసినంత మాత్రాన పాకం రాదు. పాకం వచ్చేది మంట వల్ల. మనసుకు ఆ మంట నిద్ర, అన్నం, మాట, నడక, ప్రార్థన, అవసరమైతే మందు.

మందు వాడేవారికి రెండు మాటలు

డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, నిద్రలో మార్పు, అలజడి కొందరికి ఉంటాయి. అప్పుడు అంకె పెరగవచ్చు. మందు పడలేదని మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుకు చెప్పండి. చావు ఆలోచనలు, అలజడి పెరుగుతుంటే అదే రోజు చెప్పండి.

అంకె 5 కంటే కిందకు వచ్చిందా? స్తోత్రం. అయినా మందు ఆపడం మీ నిర్ణయం కాదు. కోలుకున్నాక కూడా చాలా నెలలు వాడవలసి ఉంటుంది, తర్వాత డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఇంకొకటి. ఎంతో కుంగిన మనిషి ఉన్నట్టుండి 0కి వచ్చి, నిద్ర లేకుండా హుషారుగా తిరుగుతూ, ఆపకుండా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతుంటే, సంబరపడకుండా డాక్టరుకు చూపించండి. అది వేరే జబ్బు గుర్తు కావచ్చు, దానికి మందు కూడా వేరు.

సాక్ష్యం సంగతి

ఇప్పుడు ఆ చెల్లి అసలు ప్రశ్నకు వద్దాం. నా సాక్ష్యం అబద్ధమైందా?

బేత్సయిదాలో ప్రభువు ఒక గుడ్డివాని కన్నులు ముట్టి, ఏమైనా కనబడుతున్నదా అని అడిగిన సంగతి మార్కు సువార్త 8వ అధ్యాయంలో ఉంది. అతను పూర్తిగా కనబడుతోందని మొహమాటానికి చెప్పలేదు. మనుషులు చెట్లలా కనబడుతున్నారని ఉన్నమాట చెప్పాడు. ప్రభువు అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు, రెండవసారి చేతులుంచాడు. సగం చూపును సగమని చెప్పడమూ సాక్ష్యమే. "మూడు వారాల క్రితం కంటే తేలిగ్గా ఉంది, ఇంకా పూర్తిగా కాలేదు, నా కోసం ప్రార్థించండి" అని చెప్పే చోటు మన ఆరాధనల్లో ఉండాలి. గెలిచినవారికే మైకు ఇస్తే, ఇంకా పోరాడుతున్నవారు నోరు మూసుకుంటారు. ఆ మౌనం ప్రమాదం.

ఏలీయా సంగతి మనందరికీ తెలుసు. బదరీవృక్షం కింద ప్రాణం తీసుకోమని అడిగాడు. దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి, మళ్ళీ పెట్టాడు. కానీ 1 రాజులు 19వ అధ్యాయాన్ని ఇంకొంచెం ముందుకు చదవండి. హోరేబు దగ్గర దేవుడు అతన్ని ఇక్కడ ఏమి చేస్తున్నావని అడుగుతాడు. ఏలీయా తన గోడు చెబుతాడు. గాలి, భూకంపం, అగ్ని, చివరకు మెల్లని స్వరం. ఆ తర్వాత దేవుడు అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, ఏలీయా అవే మాటలతో అదే జవాబు చెబుతాడు. దేవుని సన్నిధిలో అంత జరిగిన తర్వాత కూడా అతని జవాబు మారలేదు! దేవుడు విసుక్కోలేదు. చేయవలసిన పని ఇచ్చాడు, ఎలీషా అనే తోడు ఇచ్చాడు, నీవు ఒంటరివి కావని చెప్పాడు. మన అంకె మారకపోయినా, పెరిగినా, మన పట్ల ఆయన మనసు అలాగే ఉంటుంది.

మనం ఎంతో అభిమానించే ప్రసంగీకుడు స్పర్జన్ కూడా ఈ లోయలో నడిచినవాడే. 1856 అక్టోబరులో లండన్‌లో ఆయన ప్రసంగిస్తున్న హాలులో ఎవరో అగ్గి అని అరవగా, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పుడు ఆయన వయసు 22. ఆ దెబ్బతో కుంగిపోయాడు. ఆ కుంగుబాటు తర్వాతి సంవత్సరాల్లో కూడా తిరిగి తిరిగి వచ్చేది, అయినా సేవ ఆగలేదు. తిరిగి రావడం ఈ జబ్బు స్వభావం. దాన్ని విశ్వాసపు మార్కులుగా లెక్కించవద్దు.

సంఘం ఏం చేయవచ్చు?

దేశంలో మానసిక జబ్బులున్నవారిలో 70 నుండి 92 శాతం వరకు, జబ్బును బట్టి, చికిత్స అందనివారేనని 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే చెప్పింది. అంటే ఫోనులో పరీక్ష చేసుకున్న మన పిల్లల్లో చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. వారిని ఆసుపత్రి గడప దాకా తీసుకువెళ్ళే మనిషి కావాలి. ఆ మనిషి సంఘంలో దొరకాలి.

2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖపట్నం జిల్లా నుండి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అయినా మనసు వైద్యానికి పెద్ద దిక్కు ఇప్పటికీ విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలే. ఆ పేరు వింటే మనవాళ్ళు ఉలిక్కిపడతారు. పిచ్చాసుపత్రి అంటారు. ఆ మాట మన నోట రాకూడదు. ముందుగా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుకు చూపించి, రక్తపరీక్షలు చేయించుకుని, ఆయన పంపితే వెళ్ళవచ్చు. లూకా వైద్యుడని కొలొస్సయుల పత్రికలో పౌలు ప్రేమగా రాశాడు. ప్రార్థన చేసే చేతికీ మందు ఇచ్చే చేతికీ మధ్య తగవు లేదు.

అయ్యగార్లకు, అమ్మగార్లకు ఒక మనవి. ఎవరైనా ఫోనులో అంకె చూపిస్తే ఆ అంకె మీద వ్యాఖ్యానం చేయకండి. తొమ్మిదో ప్రశ్నకు ఏమని నొక్కావమ్మా అని అడగండి. నిద్ర, అన్నం ఎలా ఉన్నాయని అడగండి. ఉపవాసం మీద ఉపవాసం పెట్టించకండి. మందు వాడుతున్నవారిని విశ్వాసంతో మానేయమని ఎప్పుడూ చెప్పకండి. వారి పేరు వేదిక మీద ఎత్తకండి, ప్రార్థన అంశాల వాట్సాప్ గ్రూపులో వేయకండి.

ఇక ఆ చెల్లికి ఒక మాట. అమ్మా, నీ సాక్ష్యం అబద్ధం కాదు. ఆ రోజు నీకు తేలిక కలిగింది, దానికి కృతజ్ఞత చెప్పావు. 13 నిన్ను ఖండించడానికి రాలేదు. నిద్రపో, కడుపునిండా తిను, రాత్రి కూడికలకు కొన్నాళ్ళు సెలవు అడుగు. ఆ తొమ్మిదో జవాబు మాత్రం ఒంటరిగా మోయకు. ఈ రోజే అమ్మతోనో అమ్మగారితోనో చెప్పు, లేదా 14416కి ఫోను చెయ్యి. మూడుసార్లు ఫోనుకు చెప్పావు, ఒక్కసారి మనిషికి చెప్పు.

కుంగిన ప్రతి ప్రాణాన్నీ ఆదుకునే ప్రభువు మన సంఘాలకు వినే చెవులు అనుగ్రహించును గాక. ఆమేన్.